జనరల్ లీ రెప్లికానా, మామూలు 69 ఛార్జరా? మళ్లీ అమ్మితే దేనికి డబ్బు నిలుస్తుంది?

కమ్మింగ్ కుర్రాడు (జార్జియా)

అందరికీ నమస్కారం. మా ఇంటికి గంట దూరంలో ఒక పెద్దాయన దగ్గర నారింజ రంగు డాడ్జ్ ఛార్జర్ ఉంది. తలుపుల మీద 01, పైకప్పు మీద కాన్ఫెడరేట్ జెండా (అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది రాష్ట్రాలది), హారన్ నొక్కితే 'డిక్సీ' అనే ఆ దక్షిణాది పాట ట్యూను. 'డ్యూక్స్ ఆఫ్ హజార్డ్' సీరియల్‌లోని జనరల్ లీ అనే కారుకి రెప్లికా, అంటే నకలు. 1969 మోడల్ అంటున్నాడు. 72 వేల డాలర్లు అడుగుతున్నాడు.

టెనెసీలో ఇంకొకటి చూసి పెట్టాను. అదీ 69 ఛార్జరే. ముదురు ఆకుపచ్చ, 383 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్, ఏ వేషమూ లేదు. పెయింట్ అక్కడక్కడా పొక్కింది. దానికి 68 వేలు.

మనసు నారింజ మీదే ఉంది. ఆ సీరియల్ మొదటి ఎపిసోడ్లు తీసింది మా పక్కనున్న కోవింగ్టన్‌లోనే. అయితే మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది: ఐదారేళ్ల తర్వాత అమ్మినా పెట్టిన డబ్బు వెనక్కి రావాలి. టీవీ పేరు వల్ల బండి ధర పెరుగుతుందా, తగ్గుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఎక్సెల్ సుబ్బు (ప్లేనో, టెక్సస్)

ఇందులో ఆలోచించడానికేముంది బ్రో, నారింజే. అంకెలు చూడు. 1966 నాటి టీవీ బ్యాట్‌మొబైల్ 2013 వేలంలో 42 లక్షల డాలర్లు పలికింది, కమిషన్ కలిపితే 46 లక్షలు దాటింది. డ్యూక్స్ సీరియల్ హీరోల్లో ఒకడైన జాన్ ష్నైడర్ సొంత జనరల్ లీ 2008లో 4,50,000. మొట్టమొదటి జనరల్ లీ 2012లో 1,10,000. 'నైట్ రైడర్' సీరియల్ హీరో డేవిడ్ హాసెల్‌హాఫ్ దగ్గరున్న నైట్ రైడర్ కారు 2021లో 3,00,000. టీవీ పేరుంటే ధర పెరుగుతుంది, అంతే.

పాతబండి పంతులు (ట్రాయ్, మిషిగన్)

సుబ్బూ, నీ అంకెలు నిజమే. కానీ ఇతను అడిగినదానికి వాటిలో ఒక్కటీ పనికిరాదు.

బ్యాట్‌మొబైల్ షూటింగ్‌లో తిరిగిన అసలు బండి. 1955లో లింకన్ వాళ్లు చేసిన ఫ్యూచురా అనే షో కారుని జార్జ్ బారిస్ ఒక్క డాలరుకి తీసుకుని అలా మార్చాడు. అలాంటి కారు ఇంకోటి లేదు. నువ్వు చెప్పిన మొదటి జనరల్ లీ 1978 నవంబరులో ఆక్స్‌ఫర్డ్ కాలేజీ ఆవరణలో గాల్లోకి లేచిన బండి. ఆ ఒక్క దూకుతోనే వంగిపోయి తుక్కు యార్డులో పడింది. చాలా ఏళ్లకు ఎవరో వెతికి పట్టుకుని బాగు చేస్తే గోల్ఫ్ ఆటగాడు బబ్బా వాట్సన్ కొన్నాడు. దానికి డబ్బు పలికింది దాని చరిత్రకి. ఆ చరిత్ర ఉండి కూడా లక్షా పది వేలే పలికిందని గమనించు.

ఇక ష్నైడర్, హాసెల్‌హాఫ్ బండ్లు. అక్కడ జనం కొన్నది వాళ్ల పేర్లని. ష్నైడర్ కారుకి 2007లో ఈబేలో 99 లక్షల బిడ్ వచ్చిందని వార్తలొచ్చాయి, గుర్తుందా? బిడ్ అయితే వచ్చింది, డబ్బు రాలేదు. మరుసటి ఏడాది నాలుగున్నర లక్షలకు పోయింది.

ఇతను చూసిన బండి ఇందులో ఏ కోవలోకీ రాదు. ఎవరో ఒక ఛార్జర్ కొని రంగు వేయించారు. ఇలాంటివి దేశం మొత్తం మీద ఎన్నో ఉన్నాయి.

రెప్లికాకి ధర కట్టడానికి నేను పాటించే పద్ధతి ఇది. ముందు వేషం లేదనుకుని లోపలి బండికి ధర కట్టు. వేషం తీయించడానికి ఎంతవుతుందో అందులోంచి తీసెయ్. 'నాకు ఈ వేషమే కావాలి' అనే మనిషి కనబడితే కొంచెం కలుపు. లోపలి బండి చౌకదైతే కలిపేదే ఎక్కువగా ఉంటుంది, రెప్లికా లాభం. లోపలి బండి ఖరీదైనదైతే తీసేసేదే ఎక్కువ, రెప్లికా నష్టం. ఈ రోజున 68 నుంచి 70 దాకా వచ్చిన ఛార్జర్ చౌక బండి కాదు.

నెల్లూరు నైట్‌డ్రైవర్ (ఫ్రీమాంట్)

పంతులు గారూ, మీ లెక్కకి రెండో వైపు సాక్ష్యం నేనే. నా దగ్గర 'నైట్ రైడర్'లోని కిట్ అనే కారుకి రెప్లికా ఉంది. లోపల ఉన్నది మామూలు పాంటియాక్ ట్రాన్స్ యామ్.

1982 ట్రాన్స్ యామ్ అంటే పేరు గొప్పే గానీ, 5 లీటర్ల ఇంజిన్ ఉండి 145 హార్స్‌పవర్. ఖరీదైన ఇంజెక్షన్ రకమైనా 165. అసలు మజిల్ కార్ల (అరవై, డెబ్భైల నాటి పెద్ద ఇంజిన్ బండ్ల) వాళ్లు దాన్ని లెక్కలోకే తీసుకోరు. అందుకే మంచి కండిషన్‌లో ఉన్న ట్రాన్స్ యామ్ కన్నా, ముందు ఎర్ర లైటు అటూ ఇటూ పరుగెత్తి, లోపల డిజిటల్ డ్యాష్ వెలిగే కిట్‌కే ఎక్కువ ఫోన్లు వస్తాయి. పిల్లల పుట్టినరోజులకు అద్దెకి అడిగేవాళ్లు కూడా ఉన్నారు.

కానీ ఒక్క మాట. ఎవరో కట్టించుకున్న బండిని కొంటేనే లెక్క కుదురుతుంది. కొత్తగా వర్క్‌షాపుకిచ్చి కట్టిస్తే డ్యాష్‌లోని బోర్డులకీ, వైరింగుకీ, నెలల తరబడి కూలికీ పెట్టింది మళ్లీ అమ్మితే రాదు. మొదటి ఓనరు ఓడిపోయిన డబ్బు రెండో ఓనరుకి లాభం. నేను రెండోవాణ్ణి.

ఎక్సెల్ సుబ్బు (ప్లేనో, టెక్సస్)

సరే పంతులు గారూ, ఒప్పుకోను గానీ వింటాను. ఆ సీరియల్ వల్ల కాదా ఛార్జర్‌కి ఇంత రేటు వచ్చింది? అలాంటప్పుడు ఆ వేషంలోనే ఉన్న బండికి ఎందుకు తగ్గాలి?

పాతబండి పంతులు (ట్రాయ్, మిషిగన్)

మంచి ప్రశ్న. సీరియల్ 1979లో మొదలయ్యేనాటికి 69 ఛార్జర్ పదేళ్ల పాత బండి. రెండోసారి పెట్రోలు కష్టాలు వచ్చిన కాలం. గ్యాలన్‌కి చుక్కలు చూపించే వి8 బండి ఎవరికీ అక్కర్లేదు. అందుకే షూటింగ్ వాళ్లు కొన్నవి కొన్నట్టు దూకించి పాడుచేశారు. మొత్తం మూడు వందల దాకా వాడారని ఎక్కువగా చెబుతారు. ఒకసారి దూకిన బండి రెండోసారికి పనికిరాదు. ముందు బరువు ఎక్కువ కాబట్టి ముక్కు నేలకి కొట్టకుండా డిక్కీలో బరువులు వేసేవాళ్లు. అయినా బాడీ వంగేది. చివరి సీజన్‌కి వచ్చేసరికి దూకే సీన్లకి చిన్న బొమ్మ కార్లు పెట్టి తీశారు.

సీరియల్ ఛార్జర్‌కి పేరు తెచ్చింది, కాదనను. కానీ ఆ పేరు ఛార్జర్లన్నిటికీ అందింది, నారింజ రంగు వాటికి మాత్రమే కాదు. ఆ ఆకుపచ్చ బండి ధరలో కూడా సీరియల్ హీరోలైన డ్యూక్ కుర్రాళ్ల వాటా ఉంది. అదనంగా ఇంకా ఎందుకివ్వాలి?

పైగా 1979 నుంచి 85 దాకా ఆ సీరియల్ చూసిన పిల్లలు ఇప్పుడు యాభై దాటినవాళ్లు. కొనగలిగేది వాళ్లే, కొన్నాళ్లకి అమ్మబోయేదీ వాళ్లే. ఛార్జర్ అందం నచ్చడానికి సీరియల్ చూసి ఉండక్కర్లేదు. నారింజ బండి మీది 01 ఏమిటో తెలియాలంటే చూసి ఉండాలి.

ఇంపాలా అక్క (కొలంబస్, ఒహాయో)

మీరంతా ముసలి సీరియళ్ల గురించే మాట్లాడుతున్నారు 😄 2005 నుంచి 2020 దాకా నడిచిన 'సూపర్‌నాచురల్' చూసినవాళ్లు ఎవరూ లేరా? అందులో అన్నదమ్ములు తిరిగేది 1967 ఇంపాలా, నల్లది, నాలుగు తలుపులది.

పాత కార్ల బజారులో నాలుగు తలుపుల బండి అంటే చిన్నచూపు. రెండు తలుపుల ఇంపాలా బాగు చేసుకోవడానికి నాలుగు తలుపుల వాటిని విడిభాగాలకు విప్పేసేవాళ్లు. ఈ సీరియల్ వచ్చాక ఆ కథ మారిపోయింది. నేను కొన్నప్పుడు అమ్మినాయన నన్ను చూసి, మీరు కూడా ఆ సీరియల్ బ్యాచేనా అని నవ్వాడు. అవును, ఆ బ్యాచే.

పంతులు గారి సూత్రం ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. లోపలి బండి చౌక, అందుకే టీవీ పేరు కలిసొచ్చింది. ఇంకో సంగతి, దీనికి వేషం అక్కర్లేదు. నల్ల రంగు వేస్తే చాలు. రేపు ఎవరికైనా ఆ సీరియల్ నచ్చకపోయినా నల్ల ఇంపాలా నల్ల ఇంపాలాగానే ఉంటుంది. ఒక్కటి చూసుకోవాలి: సీరియల్‌లోది మధ్య స్తంభం లేని హార్డ్‌టాప్. స్తంభం ఉన్న సెడాన్‌ని నల్లగా పెయింట్ చేసి 'సూపర్‌నాచురల్ కారు' అని అమ్మేవాళ్లు ఉన్నారు.

రెంచ్ రాజు (షార్లట్)

> వేషం తీయించడానికి ఎంతవుతుందో అందులోంచి తీసెయ్

ఇక్కడ నేను మాట్లాడాలి. జనరల్ లీ వేషాలు కొన్ని విప్పాను. బయటికి కనబడేది రంగు, స్టిక్కర్లు. అసలు ఖర్చు దాని కింద ఉంటుంది.

ముందు పుష్ బార్ (బంపరు ముందుండే ఇనుప చట్రం) పెట్టడానికి రంధ్రాలు చేస్తారు. యాంటెన్నాకి డిక్కీ మీద ఇంకో రంధ్రం. లోపల రోల్ బార్ ఫ్లోరుకి వెల్డింగ్. కథలో తలుపులు తెరుచుకోవు కాబట్టి, ఉత్సాహం ఎక్కువైన వాళ్లు నిజంగానే తలుపులు వెల్డింగ్ చేసేస్తారు. అలాంటిది దొరికితే అక్కడి నుంచి నడిచి వచ్చెయ్, బేరం కూడా ఆడకు. వీల్స్ ఫర్వాలేదు, ఆ పది పుల్లల వెక్టర్ వీల్స్ విప్పి విడిగా అమ్ముకోవచ్చు.

నారింజ పెయింట్ కింద ఏముందో అయస్కాంతం పట్టుకెళ్లి చూడు. వెనక చక్రాల పైన, డిక్కీ ఫ్లోరు అంచుల్లో, వెనక అద్దం కింద. ఈ బండ్లకి ఫ్రేమ్ విడిగా ఉండదు, బాడీయే ఫ్రేము. ముందు రెయిల్స్‌లో ముడత కనిపిస్తే ఎవరో సీరియల్ చూసి సరదాపడి దూకించారని అర్థం. నవ్వకండి, అలాంటివి ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు విన్ నంబరు, అంటే బండి గుర్తింపు నంబరు చూడు. డ్యాష్ మీద ఎడమ పక్క, అద్దంలోంచి కనబడుతుంది. 'ఎక్స్ఎస్ 29 ఎల్' అని మొదలైతే 440 ఇంజిన్ ఉన్న అసలైన ఆర్/టీ, అంటే ఎక్కువ పవర్ రకం ఛార్జర్. 'ఎల్' బదులు 'జె' ఉంటే 426 హెమీ ఇంజిన్, అన్నిటికన్నా ఖరీదైనది, ఆ పెద్దాయనకి తెలియకుండా గుండె పట్టుకో. 'ఎక్స్‌పి 29' అయితే మామూలు ఛార్జర్. తర్వాతి అక్షరం ఎఫ్ అయితే 318, జి, హెచ్ అయితే 383. ఆ తర్వాత వచ్చే అంకె మోడల్ సంవత్సరం. 9 ఉండాలి.

పాతబండి పంతులు (ట్రాయ్, మిషిగన్)

రాజు చెప్పినదానికి ఒక మాట. ఆ అంకె 8 ఉండే అవకాశం తక్కువేమీ కాదు. సీరియల్ వాళ్లే 68 బండ్లకి గ్రిల్, వెనక లైట్లు మార్చి 69గా చూపించేవాళ్లు. రెప్లికా కట్టేవాళ్లూ అదే చేస్తారు. 68కి వెనక గుండ్రటి లైట్లు, 69కి పొడవాటివి. అది మారిస్తే పట్టుకోవడం కష్టం. కానీ పక్కలనున్న సైడ్ మార్కర్ లైట్లు 68లో గుండ్రం, 69లో దీర్ఘచతురస్రం. వాటిని మార్చాలంటే రేకు పూడ్చి మళ్లీ కోయాలి. డిక్కీ తెరిచి, లోపలి వైపు నుంచి టార్చి వేసి చూడు. గుండ్రటి అతుకు కనిపిస్తే తెలిసిపోతుంది.

ఒకవేళ లోపల ఉన్నది ఆర్/టీ అయి, దాని మీద ఈ వేషం వేసి ఉంటే మాత్రం నాకు కడుపు మండుతుంది. ఆర్/టీకి ఫ్యాక్టరీ రంగు, ఒరిజినల్ ఇంజిన్, దాని కాగితాలు, ఇవే డబ్బు. అన్నీ ఒకదానికొకటి సరిపోవడాన్ని ఇక్కడ నంబర్స్ మ్యాచింగ్ అంటారు. 1971 ప్లిమత్ హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో 35 లక్షలు పలికింది. ఫ్యాక్టరీ నుంచి అలాంటివి పదకొండే వచ్చాయి. దాన్ని పోలిన నకలు రేపు ఎవరైనా పదకొండు చేసిపెట్టగలరు. ధర మొత్తం 'ఇది నకలు కాదు' అని నిరూపించే కాగితంలోనే ఉంది.

సెక్షన్ శర్మ (ఎడిసన్, న్యూజెర్సీ)

నకలు అంటే గుర్తొచ్చింది. వేషం వేసి 'రెప్లికా', 'ట్రిబ్యూట్' అని చెప్పి అమ్మితే ఏ గొడవా లేదు. మామూలు ఛార్జర్‌కి ఆర్/టీ విన్ ప్లేటు బిగించి అమ్మితే అది ఫెడరల్ నేరం. ఈ తేడా తెలియక కొని, లాయర్ల చుట్టూ తిరిగేవాళ్లు ఉన్నారు.

వేషాల్లోనూ మళ్లీ ఒక చిక్కు ఉంది. బ్యాట్‌మొబైల్ నకళ్లు చేసి ఒక్కోటి 90 వేల డాలర్ల చొప్పున అమ్ముకున్న వర్క్‌షాపు మీద డీసీ కామిక్స్ కేసు వేస్తే, 2015లో తొమ్మిదో సర్క్యూట్ (ఫెడరల్ అప్పీళ్ల) కోర్టు ఆ కారుకి కాపీరైట్ ఉందని తీర్పు ఇచ్చింది. అదే కోర్టు 2025లో ఎలనార్ అనే సినిమా మస్టాంగ్‌కి ఆ హక్కు లేదని తేల్చింది. కారుకి వ్యక్తిత్వం ఉందా లేదా అని న్యాయమూర్తులు కూర్చుని చర్చించారు మరి.

'మయామీ వైస్' సీరియల్‌ది ఇంకా తమాషా. మొదటి రెండు సీజన్లలో హీరో నడిపిన ఫెరారీ డేటోనా అసలు ఫెరారీయే కాదు, కార్వెట్ ఛాసిస్ మీద కట్టిన నకలు. ఫెరారీ వాళ్లు కోర్టుకెళ్లారు. చివరికి వాళ్లే రెండు టెస్టరోసాలు ఇచ్చారు, నకలుని కథలోనే పేల్చేశారు.

వరంగల్ వి8 (ఆల్ఫరెటా)

అందరూ ఇంజిన్ల గురించి, కోర్టుల గురించి మాట్లాడుతున్నారు. పైకప్పు మీది జెండా సంగతి ఎవరూ ఎత్తరేం?

కుర్రాడన్నా, ఆ బండి వేసుకుని పిల్లల్ని స్కూల్లో దింపుతవా? ఆఫీసు పార్కింగ్‌లో పెడతవా? మా ఆఫీసులో సగం మందికి ఆ జెండా అంటే ఏం గుర్తొస్తదో నాకు తెలుసు. 2015లో చార్లెస్టన్ చర్చిలో కాల్పులు జరిగినంక ఆ సీరియల్ పునఃప్రసారాలను టీవీ ల్యాండ్ చానల్ తీసేసింది. ఆ జెండా ఉన్న బొమ్మ కార్లకి వార్నర్ బ్రదర్స్ లైసెన్సు ఆపేసింది. మొదటి జనరల్ లీ కొన్న బబ్బా వాట్సనే, దాని మీద అమెరికా జెండా వేయిస్తా అన్నడు. ఇల్లినాయిలోని వోలో మ్యూజియం మాత్రం 2020లో కూడా మా బండిని తీయం అని చెప్పింది. అంటే ఊరు రెండుగా చీలింది. అట్లాంటి బండి మీద డెబ్భై వేలు పెడతవా?

ఎక్సెల్ సుబ్బు (ప్లేనో, టెక్సస్)

వి8 అన్నా, నేను ఉండే చోటికి గంట దూరం వెళ్తే ఆ జెండా చూసి థంబ్స్ అప్ ఇచ్చేవాళ్లు కావలసినంత మంది. కొనేవాళ్లు ఉన్నారు. మన ఇష్టాయిష్టాలు వేరు, రీసేల్ వేరు.

వరంగల్ వి8 (ఆల్ఫరెటా)

రీసేల్ గురించే చెప్తున్న. జెండా ఉంచితే కొనేవాళ్లలో ఒక భాగం పోతది. కార్ షోల వాళ్లు కొందరు రానియ్యరు, పరేడ్‌ల వాళ్లు వద్దంటరు. జెండా తీసేస్తే సీరియల్ అభిమాని 'ఇది పూర్తి జనరల్ లీ కాదు' అని ధర తగ్గిస్తడు. ఎటు పోయినా తగ్గేదే. ఆకుపచ్చ దానికి ఈ తలనొప్పి లేదు.

థంబ్స్ అప్ ఇచ్చేటోడు బండిని చూసి ఇస్తున్నడా, నడుపుతున్న నిన్ను చూసి ఆగిపోతున్నడా, అది నువ్వే చూసుకో.

మోడరేటర్

జెండా మీద రాజకీయ చర్చకి వేరే విభాగం ఉంది. ఇక్కడ ధర వరకే ఉంచండి. వి8 గారి చివరి పోస్టు ధర గురించే కాబట్టి ఉంచాను.

రెంచ్ రాజు (షార్లట్)

జెండా పెయింటా, స్టిక్కరా అన్నది కూడా చూడు తమ్ముడూ. స్టిక్కరైతే హీట్ గన్‌తో ఒక మధ్యాహ్నం పని. కింద రంగు కాస్త వేరుగా కనిపిస్తుంది, అంతే. పెయింటైతే పైకప్పు మొత్తం మళ్లీ వేయాలి. నారింజ నారింజకి కలవడం అంత తేలిక కాదు.

నెల్లూరు నైట్‌డ్రైవర్ (ఫ్రీమాంట్)

'స్టార్స్కీ అండ్ హచ్' గ్రాన్ టొరీనో గురించి ఎవరైనా చెప్తారేమోనని చూస్తున్నా. 1976లో ఫోర్డ్ కంపెనీయే ఎరుపు రంగు, తెల్ల చార వేసి వెయ్యికి పైగా బండ్లు చేసి షోరూముల్లో అమ్మింది. టీవీ కారుకి ఫ్యాక్టరీయే రెప్లికా తీసిందన్నమాట. వాటికి రీసేల్ ఎలా ఉంటుంది?

పాతబండి పంతులు (ట్రాయ్, మిషిగన్)

నాకు ఇష్టమైన ఉదాహరణ తీశావు. అవి మజిల్ కార్లు కావు. పెద్ద, బరువైన, మెత్తటి డెబ్భైల బండ్లు. మామూలు 76 టొరీనోని ఎవరూ పట్టించుకోరు. కానీ ఫ్యాక్టరీ నుంచే ఆ చారతో వచ్చినదానికి విలువ ఉంది, ఇంట్లో చార వేసుకున్నదానికి అంత లేదు. రెండూ పక్కపక్కన పెడితే చాలామంది తేడా చెప్పలేరు. తేడా కాగితంలో ఉంది. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ బండ్ల తయారీ రికార్డులు మార్టీ అనే సంస్థ దగ్గర ఉన్నాయి. విన్ నంబరు ఇస్తే ఏ రంగుతో, ఏ ఆప్షన్లతో వచ్చిందో రిపోర్టు ఇస్తారు. పాంటియాక్‌లకూ అలాంటి సర్వీసు ఉంది. షెవర్లే వాళ్లకే కష్టం. 69 నుంచి వాళ్ల షెవెల్ కారులో ఎస్ఎస్ అనే ఎక్కువ పవర్ రకం కేవలం ఒక ఆప్షన్, విన్‌లో కనబడదు. అందుకే ఆ మార్కెట్‌లో నకళ్లు ఎక్కువ.

ఛార్జర్లకి మనకున్నవి విన్, ఇంజిన్ బే లోని ఫెండర్ ట్యాగ్ (రంగు, ఆప్షన్ల కోడ్‌లున్న చిన్న రేకు). అదృష్టం బాగుంటే వెనక సీటు స్ప్రింగుల్లో ఇరుక్కున్న ఫ్యాక్టరీ షీటు కూడా దొరుకుతుంది.

గోదారి గ్యారేజ్ (రాజమండ్రి)

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఆ ఆకుపచ్చ బండిని ఇండియాకి తెచ్చుకోవచ్చా? యాభై ఏళ్లు దాటినవి ఇప్పుడు తెచ్చుకోవచ్చని విన్నాను.

సెక్షన్ శర్మ (ఎడిసన్, న్యూజెర్సీ)

2025లో నిబంధన సడలించారు, నిజమే. యాభై ఏళ్లు నిండిన బండికి దారి తెరుచుకుంది. కానీ సుంకాలు, పన్నులు కలిపితే బండి ధరనే దాటిపోతాయి. ఎడమ చేతి స్టీరింగు సంగతి రిజిస్ట్రేషన్ దగ్గర తేల్చుకోవాలి. నంబరు ప్లేటులో 'వీఏ' అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, రోజువారీ వాడకానికి కుదరదు. రాజమండ్రిలో దానికి విడిభాగాలు కూడా చూసుకోండి మరి.

గోదారి గ్యారేజ్ (రాజమండ్రి)

అర్థమైంది సార్. ఫొటోలు చూసి ఆనందిస్తాం.

కమ్మింగ్ కుర్రాడు (జార్జియా)

శనివారం వెళ్లి నారింజ బండి చూసొచ్చాను. రాజు అన్న చెప్పిన అయస్కాంతం, టార్చి రెండూ పట్టుకెళ్లాను. పెద్దాయన మంచివాడు, అన్నీ తెరిచి చూపించాడు.

విన్ 'ఎక్స్‌పి 29 జి 8' అని మొదలైంది. డిక్కీలో టార్చి వేసి చూస్తే రెండు పక్కలా గుండ్రటి అతుకులు. పంతులు గారూ, మీకు దండం. ఆయనకి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. 69 అని చెప్పే తనకి అమ్మారట.

ఇక్కడ ఇంకో తమాషా కూడా తెలిసింది. జార్జియాలో 1985, అంతకు ముందు మోడళ్లకి టైటిల్ (యాజమాన్య పత్రం) ఇవ్వరు కదా. బిల్ ఆఫ్ సేల్ మీద సంవత్సరం ఆయనకి చెప్పినట్టే 1969 అని రాసుకున్నారు. అదే ఓనరు నుంచి ఓనరుకి సాగింది.

తలుపులు తెరుచుకుంటాయి. జెండా పెయింటే. రోల్ బార్ వెల్డింగ్ చేసి ఉంది. రెయిల్స్ బాగున్నాయి, ఎవరూ దూకించలేదు.

పాతబండి పంతులు (ట్రాయ్, మిషిగన్)

68 అంటే తక్కువ బండి అనుకోకు. ఆ గుండ్రటి వెనక లైట్ల కోసం 68నే వెతికేవాళ్లు ఉన్నారు. చిక్కేమిటంటే ఇది ఇప్పుడు 68 కాదు, 69 కాదు. మళ్లీ 68గా మార్చాలంటే వెనక ప్యానెల్, గ్రిల్, నాలుగు మార్కర్ల దగ్గర రేకు పని, ఆ తర్వాత మొత్తం రంగు. ఆ రంగు పనితోనే జెండా కూడా పోతుంది, కాబట్టి జెండాకి విడిగా లెక్క వేయకు. 383 అయినా రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న, తక్కువ పవర్ రకం. యాభై రెండు వేలు దాటితే నేనైతే ముందుకెళ్లను. ఇన్సూరెన్స్ కూడా ముందే మాట్లాడుకున్న విలువకి తీసుకో, అప్పుడు అప్రైజర్ (విలువ కట్టేవాడు) ఏమంటాడో అదీ తెలుస్తుంది.

ఎక్సెల్ సుబ్బు (ప్లేనో, టెక్సస్)

నా ప్రకారం 58 దాకా వెళ్లొచ్చు. నడిచే బండి, రెయిల్స్ మంచివి. హాలోవీన్‌కి వీధి మొత్తం నీ ఇంటి ముందే ఉంటుంది.

కమ్మింగ్ కుర్రాడు (జార్జియా)

52 అన్నాను. ఆయన 65 దగ్గర ఆగాడు. బాధపడలేదు, కోప్పడలేదు. ఆలోచించుకో అన్నాడు.

మర్నాడు టెనెసీ వెళ్లాం. ఆకుపచ్చ దాని విన్ 'ఎక్స్‌పి 29 హెచ్ 9'. ఇంజిన్ బ్లాక్ మీది సీరియల్ నంబరు విన్‌తో కలిసింది. ఫెండర్ ట్యాగ్‌లో రంగు కోడ్ కూడా ఆకుపచ్చే. వెనక సీటు కింద కాగితం దొరకలేదు, ఎలుకల గూడు దొరికింది. డిక్కీ ఫ్లోరులో ఒక చోట తుప్పు ఉంది. అది చూపించి 64,500కి ఒప్పించాను. అడ్వాన్స్ ఇచ్చాను. మెకానిక్‌తో పూర్తి చెకింగ్ అయ్యాక మిగతాది.

మా ఆవిడ సంతోషంగా ఉంది. మా అబ్బాయే అలిగాడు, వాడికి ఆ హారన్ కావాలట.

రెంచ్ రాజు (షార్లట్)

శుభాకాంక్షలు తమ్ముడూ! హారన్ కిట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చిన్న కంప్రెసర్, ఐదు బాకాలు. రేడియేటర్ సపోర్టుకి ఇప్పటికే ఉన్న బోల్టులకి బ్రాకెట్ వేసి బిగించు. స్విచ్ డ్యాష్ కింద క్లిప్‌తో పెట్టు. ఎక్కడా ఒక్క రంధ్రం కూడా చేయకు. అమ్మే రోజున పది నిమిషాల్లో ఊడిపోవాలి.

వరంగల్ వి8 (ఆల్ఫరెటా)

అబ్బాయికి ఏ ట్యూనో కూడా చెప్పు. కిట్‌ల వేరే ట్యూన్లు కూడా వస్తయి 😄

ఇంపాలా అక్క (కొలంబస్, ఒహాయో)

కుర్రాడు గారూ, ఆ నారింజ బండి పెద్దాయన వివరాలు నాకు ప్రైవేటుగా పంపగలరా? మా బావగారు 68 కోసమే వెతుకుతున్నారు. రేకు పని ఆయనే చేసుకుంటారు, కాబట్టి 65కి కాకపోయినా 56, 57 దాకా మాట్లాడతారు. గుండ్రటి వెనక లైట్లు ఒక సెట్ ఆయన గ్యారేజీలో ఎప్పటినుంచో పడి ఉన్నాయి.